ముల్లు ఎక్కడుంది?

విమానంలోంచి దూకిన క్షణం నుంచి ప్యారాచూట్ తెరుచుకునే దాకా వీడియో మొత్తం 52 సెకన్లు. అందులో నా ఎడమ చెయ్యి రెండుసార్లు కళ్ల ముందుకొస్తుంది. రెండుసార్లూ నేను మణికట్టు మీదున్న ఆల్టిమీటర్‌ని సూటిగా చూస్తున్నాను. గాగుల్స్‌లోంచి నా కళ్లు స్పష్టంగా కనిపిస్తున్నాయి. హెల్మెట్ కెమెరాతో ఈ వీడియో తీసిన ఇన్‌స్ట్రక్టర్, సరిగ్గా రెండోసారి దగ్గర ఆపి అడిగాడు.

“ఇక్కడ ముల్లు ఎక్కడుంది?”

నాకు తెలీదు. గుర్తులేదు అని కాదు, అసలు తెలీదు.

“పోనీ, నీ ప్యారాచూట్ నేను లాగినప్పుడు మనం ఎంత ఎత్తులో ఉన్నామనుకున్నావ్?”

“ఏడు వేలు ఉండొచ్చు” అన్నాను.

ఆయనేమీ అనకుండా వీడియో ముందుకి జరిపాడు. తెరమీద ఆయన చెయ్యి నా మొహం ముందుకొచ్చింది. చూపుడువేలు చాపి ఉంది. ‘ఇక లాగు’ అని అర్థం. క్లాసులో ఆ సైగని కనీసం యాభైసార్లు చూసుంటాను. వీడియోలో నేను ఆ వేలుని కూడా చూస్తున్నాను. చూసి, బుద్ధిగా తలూపి, మళ్లీ నా మలుపు సరిచేసుకునే పనిలో పడ్డాను. ఇంకొన్ని సెకన్లకి ఆయనే నన్ను పట్టుకుని లాగేశాడు. అప్పటికి 4,500 అడుగులు. నేను లాగాల్సింది 5,500 దగ్గర.

వెయ్యి అడుగులంటే వినడానికి పెద్ద తేడాలా ఉండదు. పొట్ట నేలవైపు పెట్టి పడుతున్న మనిషి వేగం గంటకి సుమారు 120 మైళ్లు, అంటే సెకనుకి 176 అడుగులు. వెయ్యి అడుగులు ఆరు సెకన్లలోపే అయిపోతాయి. 4,500 అడుగుల నుంచి, ప్యారాచూట్ లేకుండా, నేల పాతిక సెకన్ల దూరం. ఆ పాతిక సెకన్లూ నా దగ్గర ఉన్నాయన్న సంగతి కూడా నాకు తెలీదు. ఏడు వేల దగ్గర ఉన్నాననుకుంటూ తీరిగ్గా తిరుగుతున్నాను.

“నువ్వు చూశావు, చదవలేదు” అన్నాడు ఇన్‌స్ట్రక్టర్. కోపంగా కాదు. రోజూ చెప్పే మాట చెప్పినట్టు. ఫారమ్ మీద ‘మళ్లీ చేయాలి’ అన్న గడిలో టిక్ పెట్టాడు.

*

కాలిఫోర్నియా మధ్యలోని లోయలో, బాదం తోటల మధ్య, ఒక చిన్న ఎయిర్‌స్ట్రిప్. అక్కడ నేర్చుకుంటున్నాను. ముప్పై నాలుగేళ్లొచ్చాక ఇదేం బుద్ధి అని అడిగినవాళ్లకి రకరకాల జవాబులు చెప్పాను. నిజం ఏంటంటే, ఆఫీసువాళ్లతో కలిసి ఒకసారి సరదాగా టాండెమ్ జంప్ చేశాను. ఇన్‌స్ట్రక్టర్ ఛాతీకి కట్టేసుకుని దూకితే, సామానులా వేలాడుతూ దిగొచ్చాను. బాగుంది. కానీ దిగాక, నేనేమీ చేయలేదు కదా అనిపించింది. ఏమైనా చేయాలంటే కోర్సు చేయాలన్నారు.

ఆ కోర్సు పేరు ఏఎఫ్ఎఫ్. 1980ల మొదట్లో అమెరికాలో మొదలైన పద్ధతి. మొదటి జంపుల్లో ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు చెరోవైపు పట్టుకుని దూకుతారు. తర్వాత ఒక్కరే ఉంటారు, మెల్లగా ఆ ఒక్కరూ వదిలేస్తారు. నేను తప్పింది నాలుగో మెట్టు. ఇన్‌స్ట్రక్టర్ వదిలేశాక ఎడమకి తొంభై డిగ్రీలు, కుడికి తొంభై డిగ్రీలు తిరగాలి. మలుపుకీ మలుపుకీ మధ్య ముల్లు చూసుకోవాలి. అంతే పని.

సాహిత్యం చదివేవాణ్ణి కాబట్టి నాకు ఆకాశం అనగానే కొన్ని మాటలు రెడీగా ఉంటాయి: రెక్కలు, స్వేచ్ఛ, అనంతం. గ్రౌండ్ స్కూల్లో ఒకరోజంతా కూర్చుంటే వాటిలో ఒక్కటీ వినపడలేదు. వినపడినవన్నీ అంకెలే. 13,000 అడుగుల దగ్గర దూకడం. 6,000 దగ్గర ఆటలు ఆపేయడం. 5,500 దగ్గర చేతులు ఊపి, పైనున్నవాళ్లకి హెచ్చరిక ఇచ్చి లాగడం. 2,500 దగ్గర నిర్ణయం. అప్పటికి తలమీద మంచి ప్యారాచూట్ లేకపోతే ఇక దాన్ని బాగుచేసే ప్రయత్నం మానేసి రిజర్వ్ తీయాలి. ఆల్టిమీటర్ గడియారంలా ఉంటుంది, కింది అంకెల దగ్గర డయల్ ఎర్రగా మారుతుంది. ఆ ఎరుపులోకి ముల్లు వెళ్లేసరికి నువ్వు ప్యారాచూట్ కింద ఉండాలి. ఇదే మొత్తం పాఠం.

ఆలోచిస్తే మన పాత కథలూ ఇదే చెప్పాయి, మనమే రెక్కల దగ్గర ఆగిపోయాం. గ్రీకుల కథలో డెడలస్ కొడుక్కి రెక్కలు కట్టి చెప్పిందేంటి? మరీ కిందకి పోకు, తేమకి రెక్కలు బరువెక్కుతాయి. మరీ పైకి పోకు, ఎండకి మైనం కరుగుతుంది. అది కవిత్వం కాదు, ఎత్తు గురించిన బ్రీఫింగ్. రామాయణంలో జటాయువు సూర్యుడి దగ్గరకంటా వెళ్లి సొమ్మసిల్లుతుంటే అన్న సంపాతి రెక్కలు అడ్డుపెట్టి కాపాడతాడు, తన రెక్కలు కాల్చుకుంటాడు. నాకిప్పుడు సంపాతి మొదటి ఇన్‌స్ట్రక్టర్‌లా కనిపిస్తాడు. తమ్ముడు ముల్లు చూసుకోలేదు. అన్న చూశాడు.

*

అసలు ముల్లెందుకు? కళ్లున్నాయి కదా, కింద భూమి ఉంది కదా, దగ్గరకొస్తే తెలీదా?

తెలీదు. ఈ విద్యలో నాకు అన్నిటికన్నా వింతగా అనిపించిన విషయం ఇదే. ఫ్రీఫాల్‌లో పడుతున్నట్టు ఉండదు. మొదటి పది సెకన్లలో వేగం అందుకున్నాక, గాలి కిందనుంచి ఒక పరుపులా నెడుతుంది. దాని మీద పడుకున్నట్టే ఉంటుంది. కింద తోటలు, కాలువలు, రోడ్డు మీద ట్రక్కులు, అన్నీ పటం గీసినట్టు కదలకుండా ఉంటాయి.

ఇంజినీర్ని కాబట్టి ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాను. 12,000 అడుగుల దగ్గర ఒక సెకనులో మనం 176 అడుగులు దగ్గరైతే, కింద కనిపించే పొలం సైజు ఒకటిన్నర శాతం పెరుగుతుంది. దాన్ని కన్ను పట్టుకోలేదు. 2,000 దగ్గర అదే సెకనులో దాదాపు పది శాతం. వెయ్యి దగ్గర ఇరవై ఒకటి. అంటే పడిన దూరంలో ఎక్కువ భాగం భూమి కదలదు. చివర్లో ఒక్కసారిగా నాలుగువైపులా విచ్చుకుంటూ మీదకొస్తుంది. స్కైడైవర్లు దాన్ని ‘గ్రౌండ్ రష్’ అంటారు. నేల పరుగెత్తుకుంటూ రావడం. క్లాసులో ఒకమ్మాయి “అది ఎలా ఉంటుంది?” అని ఆసక్తిగా అడిగింది. “నీకు తెలియకుండా ఉండటమే నా ఉద్యోగం” అన్నాడు ఇన్‌స్ట్రక్టర్. అది కనపడేసరికి ఆలస్యమైపోయినట్టే.

కన్ను పనికిరాదు సరే, మనసులో ఒక గడియారం ఉంటుంది కదా? వేల జంపులు చేసినవాళ్లకి ఉంటుందట. వాళ్లు చెయ్యి చూడకుండానే ‘ఇప్పుడు ఆరు వేలు’ అని చెప్పి, తర్వాత చూస్తారు. కానీ చూస్తారు. మాలాంటి కొత్తవాళ్ల గడియారం నమ్మడానికి లేదు. దీని మీద డేవిడ్ ఈగల్‌మన్ బృందం చేసిన ప్రయోగం ఒకటి 2007లో అచ్చయింది. మనుషుల్ని 31 మీటర్ల ఎత్తునుంచి వెనక్కి వదిలేసి కింద వలలో పట్టుకున్నారు. తర్వాత వాళ్లని ఎంతసేపు పడ్డారో అడిగితే, ఇతరులు పడుతుంటే చూసి చెప్పిన దానికన్నా సగటున 36 శాతం ఎక్కువ చెప్పారు. కాలం నిజంగా నిదానించిందా అని తేల్చడానికి, పడుతున్నవాళ్ల చేతికి అంకెలు చాలా వేగంగా మిణుకుమనే చిన్న యంత్రం కట్టారు. కాలం నిదానిస్తే ఆ అంకెలు చదవగలగాలి. ఎవరూ మామూలు కన్నా బాగా చదవలేకపోయారు. సాగేది కాలం కాదు, తర్వాత మిగిలే జ్ఞాపకం. నాకు నవ్వొచ్చింది. నా చేతికీ ఒక యంత్రం కట్టారు, దానిమీదా అంకెలున్నాయి, అవి మిణుకుమనడం కూడా లేదు. అయినా చదవలేకపోయాను.

ఎందుకంటే నాకు ఇంకో పనుంది. ఎడమ మలుపు కాస్త ఎక్కువ తిరిగాను. దాన్ని సరిచేస్తూ కుడివైపు ఇంకా ఎక్కువ తిరిగాను. ఆ కొండ అంచుకి ఎదురుగా ఆగాలి, ఆగటంలేదు. నా లోకమంతా ఆ కొండ అంచులోకి కుంచించుకుపోయింది. ఈ జబ్బు నాకు ఆఫీసులోనూ ఉంది. అర్ధరాత్రి సర్వర్లు కూలినప్పుడు ఒక్క లాగ్ ఫైల్ పట్టుకుని నలభై నిమిషాలు తవ్వుతాను, ఈలోపు మిగతా సిస్టమంతా పోతుంది.

1972 డిసెంబర్ 29 రాత్రి మయామీ దగ్గర ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 401 విమానం ఇలాగే పడిపోయింది. ముందు చక్రం దిగిందని చెప్పే చిన్న లైటు వెలగలేదు. 2,000 అడుగుల దగ్గర ఆటోపైలట్ పెట్టి, కాక్‌పిట్‌లో ఉన్నవాళ్లంతా ఆ లైటు సంగతి చూడటంలో పడ్డారు. ఎత్తు నిలబెట్టాల్సిన ఆటోపైలట్ ఆ పని ఎప్పుడు మానేసిందో ఎవరూ గమనించలేదు. ఎత్తు తగ్గుతోందని ఒక గంట కూడా మోగింది. ఎవరూ పట్టించుకోలేదు. 101 మంది పోయారు. మాడిపోయింది బల్బు మాత్రమే, చక్రం బాగానే ఉంది. అందులో ఉన్నవాళ్లు నాలుగు జంపుల విద్యార్థులు కారు, వేల గంటలు నడిపినవాళ్లు. ముల్లు వాళ్ల ఎదురుగానే ఉంది.

*

నాన్న ముప్పై ఏళ్లు లారీ నడిపాడు. విజయవాడ నుంచి కలకత్తా, కలకత్తా నుంచి విజయవాడ. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో ఒకసారి విశాఖపట్నం దాకా తీసుకెళ్లాడు. డాష్‌బోర్డు మీద స్పీడోమీటర్ ముల్లు సున్నా దగ్గరే ఉంది. పాడైపోయి ఎన్నాళ్లయిందో. “మరెలా తెలుస్తుంది నాన్నా ఎంత స్పీడులో పోతున్నామో?” అని అడిగాను. “ఇంజను చెప్పుద్దిరా” అన్నాడు. నిజంగానే చెప్పేది. ఆయన జీవితంలో పెద్ద యాక్సిడెంట్ ఒక్కటీ లేదు.

బహుశా అందుకే నాకూ ఒక నమ్మకం ఉండిపోయింది, తెలియాల్సినవి టైముకి వాటంతటవే తెలుస్తాయని. వారానికోసారి వీడియో కాల్. మాకు శనివారం రాత్రి, వాళ్లకి ఆదివారం పొద్దున. నాన్న అదే కుర్చీలో, అదే కిటికీ పక్కన. “ఏరా, తిన్నావా?” “తిన్నాను. నువ్వు?” “అయింది.” వెనకాల అమ్మ వంటింట్లోంచి కేకేసి ఏదో అంటుంది. ఏడేళ్లుగా ఇదే ఫ్రేము. ఒక్క ఆదివారానికీ దాని తర్వాతి ఆదివారానికీ తేడా ఏమీ లేదు.

ఆ జంపు తప్పిన వారంలోనే అక్క ఫోన్ చేసింది. నాన్న బాత్‌రూమ్ దగ్గర పడ్డాడు, దెబ్బ పెద్దది కాదు. “కానీ డాక్టర్ ఇంకేదో చూడాలంటున్నాడురా. నడక తేడాగా ఉందన్నాడు.” తను పెళ్లయి బెంగళూరులో ఉంటుంది. పడ్డాడని తెలిసి వచ్చింది. వచ్చి చూస్తే మనిషి గుమ్మం దగ్గర ఆగిపోతున్నాడట, అడుగు పడక. చిన్న చిన్న అడుగులు. ఒక చెయ్యి ఊగటం లేదు.

“నాకు బాగానే కనిపించాడే మొన్న?” అన్నాను.

అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది: “నాన్న నడవటం నువ్వు చివరిసారి ఎప్పుడు చూశావురా?”

వీడియో ఆపి, ముల్లు ఎక్కడుంది అని అడిగినట్టే ఉంది. లెక్కపెట్టాను. ఎనిమిది నెలలు. నేను ఎనిమిది నెలలుగా ప్రతి ఆదివారం నాన్నని చూస్తున్నాను, ఆయన నడవటం ఒక్కసారీ చూడలేదు. ఆయన కుర్చీలో కూర్చున్నాకే అమ్మ ఫోను కలుపుతుంది.

ఇంకో సంగతి ఆ రాత్రి నిద్రపట్టక పడుకుని ఉంటే గుర్తొచ్చింది. నాన్న గొంతు సరిగ్గా వినపడటంలేదని నేను ఫోన్లో వాల్యూమ్ పెంచుతూ వచ్చాను. చాలదని సంక్రాంతికి కొత్త ఇయర్‌ఫోన్స్ కొన్నాను. అక్కడ వైఫై బాగాలేదేమోనని రూటర్ మార్పించాను. అన్నీ సరిచేశాను. పార్కిన్సన్స్‌లో గొంతు సన్నబడుతుందని, మొహంలో కదలిక తగ్గుతుందని, చేతిరాత చిన్నదైపోతుందని తర్వాత న్యూరాలజిస్ట్ చెప్పాడు. లారీ మీద పోయేటప్పుడు ఎదురు లారీవాడికి వినపడేలా పిలిచే గొంతు అది. వినపడటం లేదంటే నేను రూటర్ని అనుమానించాను.

ఇందులో నన్ను నేను తిట్టుకోవడానికి పెద్దగా ఏమీ లేదని స్నేహితులన్నారు. ముందే తెలిస్తే జబ్బు రాకుండా ఆపేవాడివా అన్నారు. ఆపేవాణ్ణి కాదు. కానీ ఆయన పడేదాకా ఆగకుండా మందు మొదలయ్యేది. బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి ఒక రాడ్ ఉండేది. అన్నిటికన్నా, ఆ ఎనిమిది నెలలూ నాన్న తనలో ఏదో జరుగుతోందని ఒక్కడే భయపడుతూ ఉండే పని తప్పేది. తర్వాత ఆయనే చెప్పాడు, సంతకం కుదరటంలేదని బ్యాంకుకి వెళ్లడం మానేశాడట. ఎవరికీ చెప్పలేదు. “నువ్వడగలేదుగా” అని అనలేదు. అంటే బాగుండేది.

*

విజయవాడలో మూడు వారాలున్నాను. మందులు పడ్డాయి, ఫిజియోథెరపీ మొదలైంది. తిరిగొచ్చాక డ్రాప్ జోన్‌కి వెళ్లాలా వద్దా అని చాలా రోజులు ఊగిసలాడాను. ఇంట్లో పరిస్థితి ఇలా ఉంటే విమానాల్లోంచి దూకడం ఏంటి అనిపించింది. చివరికి వెళ్లాను. ధైర్యం వల్ల కాదు. ఆ పాఠం సగంలో వదిలేస్తే ఇంకెక్కడా నేర్చుకోలేనేమో అన్న భయం వల్ల.

ఈసారి ఇన్‌స్ట్రక్టర్ నేలమీదే గంటసేపు చక్రాల చెక్క మీద బోర్లా పడుకోబెట్టి తిప్పాడు. “ఈసారి ముల్లుని చూడొద్దు. అంకె గట్టిగా అరువు. నాకు గాలిలో వినపడదు, అయినా అరువు. అరవాలంటే చదవాలి.” మొదటి మెట్టులోనే నేర్పిన విషయం ఇది. దూకగానే ముందు దిక్చక్రం, తర్వాత ఆల్టిమీటర్, తర్వాత పక్కనున్న ఇన్‌స్ట్రక్టర్ వైపు తిరిగి అంకె అరవడం. అదేదో ఆచారంలా అరిచి వదిలేశాను అప్పట్లో.

ఇంకో మాట కూడా గుర్తుచేశాడు. చేయాల్సిన పనుల్లో మొదటిది, లాగడం. రెండోది, సరైన ఎత్తులో లాగడం. మూడోది, కుదురుగా ఉండి లాగడం. వరస అదే. నేను మూడోదాని కోసం రెండోదాన్ని పోగొట్టుకున్నాను. ఎంత అష్టవంకరగా తిరుగుతున్నా, తలకిందులైనా, ఎత్తు వచ్చిందంటే లాగాల్సిందే. ఆల్టిమీటర్ చూడలేకపోతే? ముల్లు ఇరుక్కుపోతే? దానికీ జవాబుంది: ఎత్తు తెలియట్లేదంటే, అప్పుడే లాగేయాలి. తెలుసుకుందామని ఆగకూడదు.

నా వీపు మీద సంచిలో ఒక చిన్న యంత్రం కూడా ఉంటుంది. దాన్ని జర్మనీలో హెల్ముట్ క్లోత్ తయారుచేశాడు, 1991 నుంచి వస్తోంది, పేరు సైప్రెస్. మనిషి ఇంకా వేగంగా పడుతూనే 750 అడుగుల దగ్గరకొచ్చేస్తే, అది రిజర్వ్ సంచిని మూసి ఉంచే దారాన్ని చిన్న బ్లేడుతో కోసేస్తుంది. ఎంతోమంది ప్రాణాలు కాపాడింది. అది ఉందని మర్చిపొమ్మని మాకు చెప్తారు. దాన్ని నమ్ముకున్న రోజు నుంచి ముల్లు చూడటం మానేస్తామని. మా ఇంట్లో ఆ యంత్రం అక్క. ఏడేళ్లుగా దాన్నే నమ్ముకుని ఉన్నాను.

దూకాను. పన్నెండు వేలు అని అరిచాను. పది. ఎడమ మలుపు, కాస్త తక్కువే తిరిగాను, వదిలేశాను. ఎనిమిదిన్నర. కుడి మలుపు. ఏడు. కొండ అంచు ఎక్కడో పక్కకి ఉంది. ఉండనీ. ఆరు. ఐదున్నర దగ్గర చేతులు ఊపి లాగాను. తల మీద గుడ్డ విచ్చుకున్న చప్పుడు, తర్వాత నిశ్శబ్దం. అప్పుడు చూశాను కింద తోటల్ని, తీరిగ్గా. మలుపులు రెండూ అసహ్యంగా ఉన్నాయని తర్వాత వీడియోలో చూశాం. ఫారమ్ మీద పాస్ అని రాశాడు.

ఇప్పుడు ఆదివారం కాల్స్‌లో ఒక పని పెట్టుకున్నాను. మాట్లాడుతూ మాట్లాడుతూ, “నాన్నా, ఆ క్యాలెండర్‌లో ఇవాళ తిథి ఏంటో చూసి చెప్పవా?” అంటాను. క్యాలెండర్ అవతలి గోడకి ఉంది. లేచి, ఆగి, ఎనిమిదడుగులు వేసి, మళ్లీ తిరిగి రావాలి. తిరిగేటప్పుడు ఎన్ని అడుగులు పడుతున్నాయో లెక్కపెట్టి నోట్స్‌లో రాసుకుంటాను. ఎడమ చెయ్యి ఊగిందా లేదా. గొంతు ఎంత ఉందో తెలియడానికి వాల్యూమ్ ఒకేచోట పెట్టేశాను, కదపను. అంకెలు పెద్దగా మారటంలేదు. మారినప్పుడు ఏం చేయాలో అక్కా నేనూ మాట్లాడుకుని పెట్టుకున్నాం.

మొన్న మూడోవారం కూడా తిథి అడిగేసరికి నాన్న లేవలేదు. కుర్చీలోంచే ఫోన్ వైపు చూశాడు.

“ఏరా, బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌లా తయారయ్యావేంటి? నాకు ఎఫ్‌సీ చేస్తున్నావా?”

దొరికిపోయాను. అవునని ఒప్పుకున్నాను. ఎందుకో కూడా చెప్పాను, దూకడం సంగతీ, ముల్లు సంగతీ. దూకుతున్నానని ఇంట్లో చెప్పడం అదే మొదటిసారి. వెనకాల వంటింట్లో ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. అమ్మ విన్నదన్నమాట.

నాన్న కాసేపు ఆలోచించాడు. “ఆ లారీ స్పీడోమీటర్ బాగుచేయించకుండా తిరగడం నాకూ భయంగానే ఉండేదిరా. ఓనరు చేయించేవాడు కాదు” అన్నాడు, ఆ సన్నటి గొంతుతో. తర్వాత కుర్చీ చేతులు పట్టుకుని లేచి, క్యాలెండర్ వైపు బయల్దేరాడు.

“చూస్తున్నావా?” అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

చూస్తున్నాను. మూడు, నాలుగు, ఐదు.